అనసూయకు నేనిచ్చిన పాలపంపు

ఉద్యోగానికి వెళ్ళే తల్లికి ఏ పంపు మంచిదని కొత్తగా నర్సింగులో చేరిన అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు. వాళ్ళ ఫోన్లలో రకరకాల బొమ్మలుంటాయి. కరెంటుతో నడిచేది, బ్యాటరీతో నడిచేది, జాకెట్టు లోపల పెట్టుకుంటే బయటికి కనపడనిది. చూసి బాగున్నాయంటాను. ఆ మాటతో వాళ్ళకు తృప్తి కలగదు, నాకూ కలగదు. నా దగ్గరున్న జవాబు చెప్పాలంటే అనసూయ సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళూ దాన్ని మా ఇంట్లోవాళ్ళకు కూడా పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నా పేరు నూర్జహాన్. నర్సుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. మా నాన్నకు సైకిల్ షాపు ఉండేది. ఆడపిల్లను గుంటూరు పంపి నర్సు ట్రైనింగు ఇప్పించినందుకు మావాళ్ళలోనే చాలామంది ఆయన్ని తప్పుబట్టారు. ట్రైనింగయ్యాక, ఎనభైల మొదట్లో, నరసరావుపేటలో ఒక డాక్టరమ్మ నడిపే కాన్పుల ఆస్పత్రిలో చేరాను. పన్నెండు మంచాలు, ఇద్దరు నర్సులం, ఇద్దరు ఆయాలు. ఆ తర్వాత ఎక్కడెక్కడ పనిచేశానో, ఎప్పుడు పెద్ద నర్సునయ్యానో ఇక్కడ అనవసరం. నేను నేర్చుకున్నదంతా ఆ పన్నెండు మంచాల దగ్గరే నేర్చుకున్నాను.

డాక్టరమ్మ నోరు కటువు, చెయ్యి మంచిది. బిడ్డ అడ్డం తిరిగిందని బొల్లాపల్లి వైపు నుంచి ఎడ్లబండి మీద ఒక మనిషిని తీసుకొస్తే, కలుపుకున్న అన్నం వదిలేసి లేచిన మనిషి ఆమె. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత ఆమె గురించి ఇంకొక మాట రాయాలి. అది చదివి ఆమెను చెడ్డదనుకోవద్దు.

మరియమ్మ చేతులు

పాలపంపును నేను మొదట ఇచ్చింది మరియమ్మకు. ఆమె మిరపకాయల కల్లంలో పనిచేసేది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తాలుకాయలు ఏరడం, తొడిమలు తీయడం. నాలుగు నెలల బిడ్డను ఇంట్లో తన తల్లి దగ్గర వదిలి వచ్చేది. ఒకరోజు రొమ్ములో గడ్డతో, ఒళ్ళు కాలిపోయే జ్వరంతో వచ్చింది.

"మధ్యాహ్నానికి పాలు గట్టిపడి రాయైపోతున్నయ్యి సిస్టరమ్మా. పిండుకుందామంటే ఈ చేతులు చూడు" అంది.

చేతులు ఎర్రగా వాచి ఉన్నాయి. మిరపకాయ మంట ఎన్నిసార్లు కడిగినా పోదు. ఆ చేత్తో రొమ్ము ముట్టుకుంటే ఆమెకు మంట, ఆ రొమ్ము నోట్లో పెట్టుకుంటే బిడ్డకు మంట. సాయంత్రం బిడ్డ పాలకోసం ఏడ్చేది, తాగబోయి మళ్ళీ ఏడ్చేది.

అప్పట్లో మందుల షాపుల్లో ఒకటే రకం పంపు దొరికేది. ముందు గాజు గరాటు, దాని కింద పాలు పడటానికి గాజు బుడిపె, వెనక ఎర్ర రబ్బరు బంతి. బంతిని నొక్కి వదిలితే పాలు లాగుతుంది. డాక్టరమ్మ గుంటూరు నుంచి అరడజను తెప్పించి బీరువాలో పెట్టింది. ఒకటి తీసి మరియమ్మకిచ్చాను. చేతికి గుడ్డ చుట్టుకుని పట్టుకోమన్నాను. ఆమె మధ్యాహ్నం కల్లం పక్కకు పోయి పాలు తీసి నేలమీద పారబోసేది. సాయంత్రం ఇంటికి పోయి, నూనె రాసి శుభ్రంగా కడుక్కుని బిడ్డకు పాలిచ్చేది. గడ్డ మళ్ళీ రాలేదు. బిడ్డ ఏడాది దాటేదాకా తల్లిపాలే తాగింది.

నాకు ఆ పంపు మీద గురి కుదిరింది. మరియమ్మ ఆ పాలను పారబోసేదన్న సంగతి నేను పట్టించుకోలేదు. పంపు పనిచేసింది అన్నంతవరకే నా బుర్రలో మిగిలింది.

రెండు నిమిషాలు

అనసూయ టెలిఫోన్ ఆపరేటరు. ఆ రోజుల్లో ఫోనెత్తితే ఎక్స్ఛేంజిలో ఆడపిల్ల పలికి, తీగ గుచ్చి లైను కలిపేది. ఊళ్ళో అనసూయ మొహం తెలియనివాళ్ళకు కూడా ఆమె గొంతు తెలుసు. పత్తి వ్యాపారులు గుంటూరు లైను కోసం అరుస్తుంటే, "ఉండండి బాబాయ్ గారూ, కలుపుతున్నాను" అని నెమ్మదిగా చెప్పే పిల్ల. పుట్టిల్లు బెల్లంకొండ. వాళ్ళ ఇంట్లో ఉద్యోగం చేసిన మొదటి ఆడమనిషి ఆమే. ఆ సంగతి తనే రెండుమూడుసార్లు నాతో చెప్పింది.

ఎనిమిదో నెలలో ఆమెకు మా ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. కిలో ముప్పావు. రొమ్ము పట్టుకుని లాగే బలం లేదు. పాలు ఉగ్గుగిన్నెలోకి తీసి చెంచాతో పట్టించేవాళ్ళం. జ్యోతి అని పేరు పెట్టుకున్నారు. మూడు నెలల సెలవులో సగం బి.పి. వల్ల కాన్పుకు ముందే మంచం మీద గడిచిపోయింది. పాపకు ఏడోవారం నడుస్తుండగా అనసూయ నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, సోమవారం డ్యూటీలో చేరాలి. పొద్దున ఏడింటికి పోతే మళ్ళీ రెండున్నరకి ఇంటికి. పాపకి పాలెట్టా? డబ్బా పాలు పడితే కక్కుతుంది."

చేత్తో పాలు పిండటం నాకు ట్రైనింగులో నేర్పారు. ఎక్కడ పట్టుకోవాలి, ఎలా నొక్కాలి, స్టీలు గ్లాసును ఎలా మరిగించి పెట్టుకోవాలి, అన్నీ తెలుసు. అయితే అది నేర్పాలంటే నాలుగు రోజులపాటు రోజూ అరగంట పక్కన కూర్చోవాలి. ఆరోజు లోపల ఇద్దరు నొప్పులు పడుతున్నారు. బీరువా తీసి పంపు ఆమె చేతిలో పెట్టాను.

"ఇదేందక్కా, ఆటో హారన్ లాగుంది!" అని నవ్వింది.

"నవ్వింది చాలు, విను. గాజును నీళ్ళలో వేసి మరగనియ్యి. రబ్బరును మరిగిస్తే పాడైపోతుంది, దాన్ని వేణ్ణీళ్ళతో కడుక్కో. తెలిసిందా?"

"తెలిసిందక్కా."

రెండు నిమిషాలు పట్టింది. ఎక్కడ కూర్చుని తీస్తావు అని అడగలేదు. ఎంతసేపు లేవనిస్తారు అని అడగలేదు. అక్కడ కడగటానికి నీళ్ళున్నాయా, ఆ పాలు పాప నోట్లో పడేసరికి ఎన్ని గంటలవుతుంది, ఏదీ అడగలేదు. ఈ కాలపు అమ్మాయిలు పంపుల ధరలు, మోటారు శక్తి పోల్చి చూస్తారు. తల్లి రోజు ఎలా గడుస్తుందో ముందు అడగండి. ఆమె పనిచేసే చోటు తెలియకుండా ఆమెకు ఏ పంపు సరిపోతుందో ఎవరూ చెప్పలేరు.

అనసూయ రోజు ఎలా గడిచేదో నాకు తర్వాత తెలిసింది. లైన్లు కలిపే బోర్డు దగ్గర ఇంకొకరు వచ్చి కూర్చునేదాకా లేవకూడదు. పది గంటలకు పది నిమిషాలు దొరికేవి. బాత్రూములో నిలబడి, ఒక చేత్తో పమిట పట్టుకుని, గబగబా నొక్కేది. అలా నిలబడి తొందరపడితే పంపు వెనక్కి వాలుతుంది, పాలు రబ్బరు బంతిలోకి పోతాయి. గాజులో ఉన్నవి సీసాలోకి వంచేది. అటు బంతిలోకి పోయిన పాలు మళ్ళీ నొక్కినప్పుడు కొంచెం కొంచెంగా గాజులోకి వచ్చి కలిసేవి.

పదిన్నరకు ఆమె భర్త వెంకటేశ్వర్లు సైకిలు మీద గేటు దగ్గరికి వచ్చేవాడు. జిన్నింగు మిల్లులో గుమాస్తా. సీసాను తడిగుడ్డలో చుట్టి, కారియర్లో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయి వాళ్ళమ్మకు ఇచ్చేవాడు. మొదట్లో ఎవరైనా అడిగితే మజ్జిగ అని చెప్పేవాడట. నెల తిరిగేసరికి, "మా పాప భోజనమండీ" అని తనే చెప్పేవాడు. వాళ్ళమ్మ కోటమ్మ పాపను ఒళ్ళో వేసుకుని చెంచా చెంచా పట్టించేది. చివరి చుక్క కోసం గిన్నెను వేలితో తుడిచి నాకించేది.

ప్రతి శుక్రవారం పాపను తూకానికి తెచ్చేవారు. రెండు కిలోలు దాటింది, రెండున్నర దాటింది. మూడు కిలోలు తూగిన రోజు కోటమ్మ నాకు అరటిపళ్ళు తెచ్చిచ్చింది. "నీ చలవే నర్సమ్మా" అంది. నేను పొంగిపోయాను. దాచడం దేనికి, ఆరోజు డాక్టరమ్మకు కూడా గొప్పగా చెప్పుకున్నాను.

మే నెల

ఆ ఏడు మే నెలలో పల్నాడు ఎండ రాళ్ళను పగలగొట్టేలా ఉంది. ఒక మంగళవారం పొద్దున కోటమ్మ పాపను గుడ్డలో చుట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వాంతులు, విరేచనాలు. కళ్ళు లోతుకు పోయాయి. మాడు గుంటపడింది. డాక్టరమ్మ తనే కూర్చుని సెలైన్ పెట్టింది. అంత చిన్న చేతిలో నరం దొరకడానికి చాలాసేపు పట్టింది. అనసూయ డ్యూటీ చీరతోనే వచ్చి, మంచం పక్కన నేలమీద కూర్చుంది. మరుసటి రోజు మధ్యాహ్నం పాప పోయింది.

అనసూయ ఏడవలేదు. పాప మీది గుడ్డ సర్దుతూ, "అక్కా, పాలు కారుతున్నయ్యి, ఏం చెయ్యను?" అంది. నిజంగానే జాకెట్టు తడిసిపోయి ఉంది.

నాలుగో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. బిడ్డ పోయిన తల్లికి పాలు తొందరగా ఆగవు. గట్టిగా కట్టడానికి గుడ్డ, మాత్రలు తీసుకెళ్ళాను. ముందు కొంచెం పాలు తీస్తే నొప్పి తగ్గుతుందన్నాను. అనసూయ లేచి, గూట్లోంచి పంపు తెచ్చింది. శుభ్రమైన గుడ్డ కప్పి ఉంది.

"అలవాటు కొద్దీ పొద్దున కూడా కడిగానక్కా" అంది.

బంతిని నా మొహం దగ్గర పెట్టి నొక్కాను. లోపలినుంచి పులిసిన వాసన వచ్చింది. కట్టు కట్టే పని చేత్తో చేశానుగానీ నా మనసంతా ఆ వాసన మీదే ఉంది. తర్వాత పెరట్లోకి పోయి, సంచిలోని బ్లేడుతో ఆ రబ్బరు బంతిని నిలువునా కోశాను. లోపల గోడలకు పాలు పొరలు పొరలుగా గడ్డకట్టి ఉన్నాయి. పసుపుపచ్చగా, అక్కడక్కడ నల్లటి చుక్కలు. బయటినుంచి ఎన్ని వేణ్ణీళ్ళు పోసినా ఆ పొరలను తాకవు. అనసూయ నేను చెప్పినట్టే చేసింది. ఒక్కరోజు కూడా తప్పకుండా చేసింది.

కోసిన బంతిని జేబురుమాలులో చుట్టి సంచిలో వేసుకున్నాను. వసారాలో చుట్టాలు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మధ్యలో కోటమ్మ.

"వద్దే, బిడ్డ పెద్దదయ్యేదాకా ఉద్యోగం వద్దే అని చెప్పాను. విన్నదా? ఎండలో తిరిగిన పాలు ఇరిగిపోయి ఇసమైనయ్యి. తల్లి చేతులారా చంపుకుంది. ఏం చెప్పేది నర్సమ్మా, చెప్పు నువ్వే!"

అందరూ నావైపు చూశారు. లోపల గది గుమ్మం దగ్గర అనసూయ నిలబడి ఉంది.

"రోజూ కడిగానక్కా. నువ్వు చెప్పినట్టే కడిగానక్కా" అంది.

"ఏడవకు" అన్నాను. ఆమె ఏడవడం లేదు. ఇంకేమీ అనకుండా వాళ్ళందరి మధ్యనుంచి బయటికి వచ్చేశాను.

డాక్టరమ్మ బల్ల మీద ఆ బంతిని పెట్టాను. ఆమె గోటితో ఆ పొర గీకి చూసింది. మిగిలిన పంపులన్నీ తెప్పించి, తనే చెత్తబుట్టలో వేసింది. తర్వాత నాతో, "ఇది ఎవరికీ చెప్పకు. నెలలు నిండని పిల్ల, ఎండాకాలం, దేనివల్లయినా పోయుండొచ్చు. మనం రుజువు చెయ్యలేం, వాళ్ళు ఆస్పత్రి మీదికొస్తారు. రేపు కాన్పుకొచ్చే వాళ్ళెక్కడికి పోవాలి?" అంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. దేనివల్ల పోయిందో ఈరోజుకీ ఖాయంగా చెప్పలేను. భయపడి ఒక పై అధికారి ఇచ్చిన ఆజ్ఞ అది. తప్పే. కానీ ఆమె చెప్పకముందే నేను ఆ వసారాలో నోరు మూసుకున్నాను. ఆమె ఆజ్ఞ వెనక దాక్కోవడం నాకు సుఖంగా ఉండింది. మన వృత్తిలో చేతి తప్పు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. దాని నింద ఇంకొకరి మీద పడుతుంటే చూస్తూ నిలబడటం మాత్రం మనం తెలిసి చేసేదే.

పదిహేను రోజులకు అనసూయ రాజీనామా ఇచ్చిందని విన్నాను.

ఆ తర్వాత నేను ఎవరికీ పంపు ఊరికే ఇవ్వలేదు. పక్కన కూర్చుని చేత్తో పిండటం నేర్పేదాన్ని. ఒక కాలేజీ లెక్చరరు మద్రాసు నుంచి తెప్పించుకున్న పంపు తెచ్చి చూపించింది. రబ్బరు బంతి లేదు, రెండు గొట్టాలు ఒకదాంట్లో ఒకటి జారేవి, ప్రతి ముక్కా విడదీసి మరిగించుకోవచ్చు. ఆమెకు గడియ పెట్టుకునే గది ఉంది, గంటసేపు తీరిక ఉంది. వాడుకోమన్నాను. పొలం పనికి పోయే తల్లికి అదే పంపు వద్దన్నాను. ఇవన్నీ బాగానే చేశాను. అనసూయ ఇల్లు మాత్రం మా ఆస్పత్రికి నాలుగు వీధుల అవతలే, అటు వెళ్ళలేదు.

నాలుగేళ్ళకు

నాలుగేళ్ళ తర్వాత అనసూయ రెండో కాన్పుకు మా ఆస్పత్రికే వచ్చింది. మగపిల్లవాడు, మూడు కిలోలు. పుట్టగానే రొమ్ము పట్టాడు. రెండోరోజు నేను పక్కన నిలబడి చూస్తుంటే తల ఎత్తకుండానే అంది.

"ఇప్పుడు పంపు అక్కర్లేదు గదక్కా. నేనెక్కడికీ పోను గదా."

ఎత్తిపొడుపు కాదది. మామూలుగానే అంది. నేను స్టూలు లాక్కుని కూర్చుని, రబ్బరు బంతి సంగతి మొత్తం చెప్పాను. ఏం చూశానో, ఎవరికి చూపించానో, ఎందుకు చెప్పలేదో అన్నీ. బిడ్డ పాలు తాగడం అయ్యాక ఆమె వాణ్ణి భుజాన వేసుకుని వీపు తట్టింది.

"అక్కా, పాప ఎందుకు పోయిందో దేవుడికెరుక. నీకు తెలియక ఇచ్చావ్, నాకు తెలియక వాడాను. దానికి నిన్నేమీ అనను. నా ఉద్యోగం మాత్రం నువ్వు మాట్లాడనందుకే పోయింది. ఆరోజు మా అత్త ముందు ఆ ఒక్క ముక్క అనుంటే, నేనా కాయితం మీద సంతకం పెట్టేదాన్ని కాదు."

అప్పుడే కోటమ్మ కారియరుతో లోపలికి వచ్చింది. అనసూయ బిడ్డను పడుకోబెట్టి, నావైపు చూసింది. "అత్తయ్యా, నూర్జహానక్క ఏందో చెబుతుందంట. కూర్చుని వినండి" అంది.

రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టమైంది. కోటమ్మ కారియరు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని నేలమీద కూర్చుంది.

"అంటే దీని తప్పు కాదా? పాలు ఇరగటం కాదా?" అని అడిగింది.

"తను అన్నీ సరిగ్గానే చేసింది కోటమ్మత్తా. తప్పు నేను చెప్పిన పద్ధతిలో ఉంది."

"చెంచాతో పట్టింది నేనే గదా నర్సమ్మా. నా చేత్తోనే గదా పట్టింది." కొంగుతో మొహం తుడుచుకుని, "నాలుగేళ్ళు... కంచం ముందు కూర్చున్నప్పుడు కూడా అన్నాను దాన్ని ఆ మాట" అంది.

లేచి, కారియరు విప్పి, అన్నం కలిపి, ముద్ద చేసి కోడలి నోటి దగ్గర పెట్టింది. అనసూయ కంచం తన చేతిలోకి తీసుకుంది. "నేను తింటాలెండి" అంది. విసుక్కోలేదు, కళ్ళెత్తి చూడనూ లేదు.

నెల రోజుల తర్వాత కోటమ్మ ఒక్కతే ఆస్పత్రికి వచ్చింది. "నాతో ఎక్స్ఛేంజికి రావాల నర్సమ్మా. నాకు మాట్లాడటం తెలియదు" అంది. నేను చీర మార్చుకుని వెళ్ళాను.

అక్కడి ఆఫీసరు వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, చెప్పిందంతా విన్నాడు. రాజీనామా ఇచ్చి నాలుగేళ్ళయింది, అది అప్పుడే మంజూరైపోయింది, మళ్ళీ తీసుకునే వీలు లేదని ఓపిగ్గా రెండుసార్లు చెప్పాడు. కోటమ్మ లేవలేదు. కొంగు భుజం మీదుగా కప్పుకుని, గది గుమ్మంలోంచి కనపడే బోర్డు వైపు చూస్తూ, అక్కడ కూర్చున్న ఆడపిల్లలకు కూడా వినపడేలా అంది:

"మా కోడలి తప్పేం లేదు బాబూ. అది శుభ్రంగా కడిగింది. రోజూ కడిగింది. ఈ నర్సమ్మ సాక్షి."

ఆఫీసరుకు ఆ మాట అర్థం కాలేదు. నావైపు చూశాడు. "అవునండీ, నేను సాక్షిని" అన్నాను.

బయటికి వచ్చి రిక్షా కోసం నిలబడ్డాం. కోటమ్మ చెప్పులేసుకున్న కాళ్ళ వైపే చూస్తూ ఉండి, "ఇంటికి పోయి దానికేం చెప్పను?" అని అడిగింది.

"కుదరదన్నారని చెప్పండి" అన్నాను.

"నేనడిగేది అది కాదమ్మా. నాలుగేళ్ళు దాన్ని అన్న మాటలకి ఏం చెప్పను?" అంది.

ఆ నాలుగేళ్ళూ నోరు విప్పనిదాన్ని నేనే. రిక్షా వస్తే ముందు ఆమెను ఎక్కించి, పక్కన నేనూ ఎక్కాను.